సిలిండరా, పైపు గ్యాసా, బయోగ్యాసా? గిన్నెకి అందే వేడిని లెక్కేసి చూడండి

మీ ఉత్తరంలోని సంగతి ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కదా. మీ ఇంట్లో అయిదుగురు, ఏళ్ల తరబడి సిలిండర్ గ్యాస్ మీదే వంట, రోజుకి సుమారు అర కిలో ఖర్చవుతోందని మీరే లెక్క కట్టారు. ఇప్పుడు మీ వీధికి పైపు గ్యాస్ వచ్చింది. మీ అత్తగారేమో ఆ గ్యాస్ మంటలో బలం ఉండదు, ఏది పెట్టినా ఒక పట్టాన ఉడకదు అంటున్నారు. మీ మరిది, పెరట్లో నాలుగు పశువులు పెట్టుకుని గ్యాస్ కొనుక్కోవడం ఏంటి, బయోగ్యాస్ ప్లాంట్ కట్టేద్దాం అంటున్నాడు. కాలేజీలో చదివే మీ అబ్బాయి, రేపు ఎలాగూ హైడ్రోజన్ వస్తుంది, ఇప్పుడు డబ్బు తగలెయ్యొద్దు అంటున్నాడు. ఎవరి మాట వినాలి, ఏది చవక, ఏది ప్రమాదం లేనిది, అదే గ్యాస్‌తో బాత్రూమ్ గీజర్, జనరేటర్ కూడా నడుపుకోవచ్చా అని అడిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. పైపు గ్యాస్ తీసుకోండి. మీ మరిది లెక్క తప్పు కాదు కాబట్టి దాన్ని కొట్టిపారేయకండి, కానీ దానికొక షరతు ఉంది, అది తర్వాత చెప్తాను. హైడ్రోజన్ కోసం మాత్రం ఆగకండి. గీజర్ విషయంలో మీరు అనుకుంటున్న పద్ధతి నాకు చాలా భయంగా ఉంది, మిగతాది ఏది వదిలేసినా ఆ భాగం తప్పకుండా చదవండి.

ఈ గొడవ అంతా ఎక్కడ మొదలవుతుందంటే, ఒక గ్యాస్‌ని కిలోల్లో అమ్ముతారు, ఇంకోదాన్ని క్యూబిక్ మీటర్లలో కొలుస్తారు, బయోగ్యాస్‌కి అసలు బిల్లే ఉండదు, ఇక ఏది ఎక్కువ ఏది తక్కువ అని పోల్చడం ఎవరి తరం? అందుకని అన్నిటినీ మనందరికీ తెలిసిన కొలతలోకి మార్చేద్దాం. కరెంటు బిల్లులో యూనిట్ అంటాం చూడండి, ఒక కిలోవాట్ పరికరం గంటసేపు తినే శక్తి, అదే. వేడిని కూడా దాంతోనే కొలవచ్చు. ఒక కిలో ఎల్పీజీ, అంటే సిలిండర్ గ్యాస్, కాలితే సుమారు 12.8 యూనిట్ల వేడి వస్తుంది. ఒక క్యూబిక్ మీటర్ పైపు గ్యాస్ నుంచి సుమారు 10 యూనిట్లు. ఒక క్యూబిక్ మీటర్ బయోగ్యాస్ నుంచి 6, అదే హైడ్రోజన్ అయితే 3. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించుకోండి, సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

ఇప్పుడు చవక ఏదో మీరే చూసుకోవచ్చు. సిలిండర్ ధరని అందులో ఉండే కిలోలతో భాగించండి, వచ్చినదాన్ని మళ్లీ 12.8తో భాగించండి, యూనిట్ వేడి ఎంత పడుతోందో వస్తుంది. పైపు గ్యాస్ అయితే క్యూబిక్ మీటర్ ధరని 10తో భాగిస్తే చాలు. కనెక్షన్ ఖర్చు, నెలనెలా అద్దెలాంటిది ఏమైనా ఉంటే అది విడిగా రాసుకుని, మీ వాడకం మీద ఎన్ని నెలల్లో తీరుతుందో చూడండి. రోజుకి అర కిలో ఎల్పీజీ అంటే 6.4 యూనిట్లు, అంటే పైపు గ్యాస్‌లో రోజుకి దాదాపు 0.64 క్యూబిక్ మీటర్లు, నెలకి 19 చిల్లర. ధరలు ఊరిని బట్టీ, నెలను బట్టీ మారుతుంటాయి కాబట్టి నేను అంకె చెప్పడం కంటే మీరు ఈ లెక్క చేతిలో పెట్టుకోవడమే మంచిది.

ఇంకా బాగా అర్థం కావాలంటే రెండు లీటర్ల నీళ్లు తీసుకోండి. మామూలు వేడిలో, 25 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లని మరిగించాలంటే నీళ్లకి అందాల్సిన వేడి 0.17 యూనిట్ల పైచిలుకు. కానీ పొయ్యి మీద పుట్టిన వేడంతా గిన్నెలోకి పోదు, సగానికి సగం పక్కల నుంచి గాల్లోకి పోతుంది, కాబట్టి 0.35 యూనిట్లు మండించాలి. అందుకు ఎల్పీజీ 27 గ్రాములు సరిపోతుంది. పైపు గ్యాస్ 35 లీటర్లు కావాలి, బయోగ్యాస్ 58 లీటర్లు, హైడ్రోజన్ ఏకంగా 116 లీటర్లు. ఆ 27 గ్రాముల ఎల్పీజీ వాయువుగా మారితే 12, 13 లీటర్లే ఉంటుంది. అదే నీళ్లు, అదే గిన్నె, అదే వేడి. గొట్టంలోంచి వచ్చే గ్యాస్ పరిమాణం మాత్రం ఇంత తేడా.

మీ అత్తగారి మాటకి సమాధానం ఇందులోనే ఉంది. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, ఎక్కడో చూసే ఉంటారు, నేనూ చూశాను. పైపు గ్యాస్ ఇచ్చిన ఇంట్లో పాత సిలిండర్ పొయ్యినే ఏమీ మార్చకుండా తగిలిస్తే మంట నిజంగానే నీరసంగా ఉంటుంది. పొయ్యి లోపల, నాబ్ వెనకాల, గ్యాస్ బయటికి వచ్చే చోట ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దానికి సూదిమొనంత బెజ్జం, దాన్ని జెట్ అంటారు. ఎల్పీజీ చిక్కటి గ్యాస్, పైగా రెగ్యులేటర్ దాటాక కూడా 30 మిల్లీబార్ల దగ్గర ఒత్తిడితో వస్తుంది, కాబట్టి దానికి సన్నటి బెజ్జం చాలు. పైపు గ్యాస్ పలచన, ఇంటి దగ్గర దాని ఒత్తిడి కూడా తక్కువ, 20 మిల్లీబార్లు అనుకోండి. ఎల్పీజీకి చేసిన బెజ్జంలోంచి దీన్ని పంపితే వేడి దాదాపు సగానికి పడిపోతుంది. అదే జెట్ మార్చి, బెజ్జం వ్యాసం సుమారు 1.4 రెట్లు చేస్తే అదే పొయ్యి మీద అదే వేడి వస్తుంది, వంటలో నిమిషం తేడా కూడా ఉండదు. అంటే లోపం గ్యాస్‌లో లేదు, జెట్‌లో ఉంది. ఒకే బర్నర్ మీద ఏ గ్యాస్ ఎంత వేడి ఇస్తుందో చెప్పడానికి ఇంజనీర్లు వోబ్ సంఖ్య అని ఒకటి వాడతారు, గ్యాస్‌లోని వేడిని, గాలితో పోల్చిన దాని సాంద్రత వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. ఎల్పీజీకి అది 80కి దగ్గరగా, పైపు గ్యాస్‌కి 50 దగ్గర, బయోగ్యాస్‌కి 25 లోపు ఉంటుంది. అందుకే ఒక గ్యాస్‌కి చేసిన పొయ్యి ఇంకో గ్యాస్‌కి అలాగే పనికిరాదు. ఇదేం కొత్త సంగతి కాదు. బ్రిటన్‌లో బొగ్గు నుంచి తీసే పాత టౌన్ గ్యాస్ మానేసి సహజవాయువుకి, అంటే ఇప్పుడు మీ వీధి పైపులో వచ్చే రకానికి, మారినప్పుడు 1967 నుంచి 1977 దాకా ఇల్లిల్లూ తిరిగి దాదాపు 4 కోట్ల పరికరాలకి ఈ మార్పులు చేయాల్సి వచ్చింది.

తిరగేసి చేయడం మాత్రం ప్రమాదం. పైపు గ్యాస్ జెట్ ఉన్న పొయ్యికి, ఇవాళ పైపులో గ్యాస్ రాలేదు కదా అని సిలిండర్ తగిలిస్తే దాదాపు రెట్టింపు వేడితో, పొడుగ్గా పసుపు మంట లేస్తుంది, గిన్నెలు మసిబారతాయి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. మీ దగ్గర రెండూ ఉంచుకునే వీలుండి సిలిండర్ అవసరానికి ఉంచుకుంటే, దానికి వేరే పొయ్యి పెట్టుకోండి. చిన్నదైనా సరే.

ఇంతకీ సిలిండర్‌లోది, పైపులోది ఎందుకు వేరువేరు అని చాలామందికి తెలియదు. ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. ఇవి కొద్దిపాటి ఒత్తిడికే ద్రవంగా మారిపోతాయి, 20 డిగ్రీల దగ్గర ప్రొపేన్‌కి గాలి ఒత్తిడికి ఎనిమిది రెట్లు, బ్యూటేన్‌కి రెండు రెట్లు చాలు. ద్రవమైతే స్థలం పట్టదు, ఒక లీటరు ద్రవ ప్రొపేన్ వాయువైతే 270 లీటర్లు అవుతుంది, అందుకే అంత వేడిని మోసుకెళ్లే సిలిండర్‌లో పెట్టగలిగారు. సిలిండర్ కదిపితే లోపల గలగలమనేది ఆ ద్రవమే. పైపులో వచ్చేది ఎక్కువ భాగం మీథేన్. మామూలు వేడిలో ఎంత నొక్కినా అది ద్రవం కాదు, మైనస్ 162 డిగ్రీలకి చల్లబరచాలి, లేదా 200 బార్ల పైన, అంటే గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్ల పైన, ఒత్తిడితో బరువైన ట్యాంకుల్లో బంధించాలి. వంటింటికి ఆ రెండూ కుదరవు, అందుకని పైపు. చలి దేశాల్లో బ్యూటేన్‌తో ఇంకో తిప్పలు, మైనస్ అర డిగ్రీ దగ్గర అది మరగడం ఆగిపోతుంది, సిలిండర్ నిండా ఉన్నా పొయ్యికి గ్యాస్ రాదు. అప్పుడు కొందరు సిలిండర్‌ని వేడినీళ్లలో పెడతారు, బోర్లిస్తారు, ఈ రెండూ ప్రాణాల మీదికి తెచ్చే పనులు. ద్రవం వేడికి వ్యాకోచిస్తుందనే సిలిండర్‌ని ఎప్పుడూ 80, 85 శాతానికి మించి నింపరు.

క్షేమం సంగతికి వస్తే, ఏది ప్రమాదం లేనిది అని అడిగారు. మండే గ్యాస్ ఏదీ ప్రమాదం లేనిది కాదు, కానీ లీకైనప్పుడు ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తుంది, అది తెలిస్తే చాలా మేలు. ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నీళ్లలా కిందికి దిగి నేల మీద పాకుతుంది, గట్టు కింద, డ్రైనేజీ గుంటలో, మెట్ల కింద గదిలో చేరి కూర్చుంటుంది, గంటల తర్వాత కూడా అక్కడే ఉంటుంది. గాలిలో 2 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. మీథేన్ గాలి బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ, కాబట్టి పైకి పోతుంది, పైన వెంటిలేటర్ తెరిచి ఉంటే వెళ్లిపోతుంది, అంటుకోవాలంటే గాలిలో 5 శాతం కావాలి. ఈ లెక్కన పైపు గ్యాస్ కొంచెం నయం. కానీ పైన దారి మూసేసిన ఇంట్లో అది కప్పు కింద పోగవుతుంది, పైగా సిలిండర్ ఖాళీ అయితే లీకు ఆగుతుంది, పైపు గ్యాస్‌లో వాల్వ్ కట్టేదాకా వస్తూనే ఉంటుంది. కాబట్టి మీటర్ దగ్గరి వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే ఆగుతుందో ఇంట్లో పిల్లల దగ్గర నుంచి పెద్దావిడ దాకా అందరికీ చేత్తో చేయించి చూపించండి.

ఇంకో మాట. మీ వంటింట్లో గ్యాస్ అలారం ఉందని రాశారు, నేలకి జానెడు ఎత్తున పెట్టించామన్నారు. సిలిండర్‌కి అదే సరైన చోటు. పైపు గ్యాస్ వచ్చిన రోజున అది అక్కడ ఉండి ప్రయోజనం లేదు, మీథేన్ పైకి పోతుంది కాబట్టి కప్పుకి దగ్గర్లో ఉండాలి, పైగా అలారం కూడా మీథేన్‌ని పసిగట్టే రకం అయ్యుండాలి. ఈ ఒక్క పని చాలా ఇళ్లలో మర్చిపోతారు.

గ్యాస్ వాసన అని మనం అనుకునేది కూడా నిజానికి గ్యాస్‌ది కాదు. ఎల్పీజీకీ, మీథేన్‌కీ చెప్పుకోదగ్గ వాసన ఉండదు, మెర్‌కాప్టన్ అనే కంపు పదార్థాన్ని చిటికెడంత కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్లో బడి కింద వాసన లేని సహజవాయువు చేరి పేలిపోయింది, దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఘోరం తర్వాతే వాసన కలపడం చట్టంలోకి వచ్చింది. అందుకే వాసన వస్తే, కాసేపాగి చూద్దాం అనుకోకండి. స్విచ్‌లు వేయొద్దు, వేసి ఉన్నవి ఆపొద్దు కూడా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి అసలు పోవద్దు, వాల్వ్ కట్టేసి తలుపులు తెరిచి బయటికి వచ్చి ఫోన్ చేయండి. లీకు వెతకడానికి సబ్బు నురగ చాలు, అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు గుండె గుభేలుమంటుంది.

ఇప్పుడు మీ మరిది బయోగ్యాస్. నాలుగు పశువుల నుంచి రోజూ చేతికందే పేడ ఒక్కోదానికి 10 కిలోలు అనుకుంటే 40 కిలోలు. కిలో పేడకి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది, అంటే రోజుకి 1.6 క్యూబిక్ మీటర్లు, దాదాపు 9.6 యూనిట్ల వేడి. మీ వంటకి కావలసింది 6.4. అంటే వాతావరణం వెచ్చగా ఉన్నన్నాళ్లూ మీ ఇంటి వంట మొత్తం దాని మీదే గడిచిపోతుంది, ఇంకా కొంచెం మిగులుతుంది. అందుకే ఆయన లెక్క తప్పు కాదన్నాను. ప్లాంటు తొట్టిలోంచి బయటికొచ్చే స్లర్రీ, అంటే గ్యాస్ పోగా మిగిలే పేడనీళ్లు, మంచి ఎరువు, అందులో నత్రజని పోదు, అది అదనపు లాభం.

కానీ ఆ 40 కిలోల పేడని రోజూ ఎత్తి, అన్నే నీళ్లు పోసి, గడ్డలు లేకుండా కలిపి, తొట్టిలో పోసేది ఎవరు? పండగైనా, ఒంట్లో బాగోకపోయినా, ఊరెళ్లినా ఆ పని ఆగకూడదు, ఎందుకంటే లోపల గ్యాస్ తయారు చేసేవి బతికున్న సూక్ష్మజీవులు, వాటికి రోజూ మేత కావాలి. చాలా ఇళ్లలో ప్లాంటు కట్టాలన్న ఉత్సాహం ఒకరిదీ, రోజూ పేడ కలిపే చేతులు ఇంకొకరివీ అవుతాయి, ఆ చేతులు తరచుగా కోడలివే. కట్టిన ఏడాదికే మూలపడ్డ ప్లాంట్లని నేను దగ్గరుండి చూశాను, వాటిలో ఇంజనీరింగ్ లోపం ఏమీ లేదు, పని పంచుకునేవాళ్లు లేరు, అంతే. కాబట్టి నా షరతు ఇది: ఆ పని మీ మరిది తన మీద వేసుకుంటానంటేనే కట్టండి, ఈ మాట ఇటుక వేయకముందే అందరి ఎదుటా తేల్చుకోండి.

బయోగ్యాస్ గురించి ఇంకొన్ని తెలియాలి. అందులో మీథేన్ 50 నుంచి 70 శాతమే, మిగతాది చాలావరకు మండని కార్బన్ డయాక్సైడ్. అందుకే వేడి తక్కువ, ఒత్తిడి కూడా తక్కువ, పెద్ద బెజ్జాలున్న ప్రత్యేకమైన బర్నర్ కావాలి, ప్లాంటు నుంచి వంటిల్లు దూరమైతే ఉన్న ఒత్తిడి కాస్తా దారిలోనే పోతుంది. గ్యాస్‌తో పాటు నీటి ఆవిరి వస్తుంది, పైపుకి ఒకవైపు వాలు ఇచ్చి, నీళ్లు దిగే చోట చిన్న వాల్వ్ పెట్టకపోతే మంట ఎగిరెగిరి పడుతుంది. కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటుంది, అది ఇత్తడినీ ఇనుమునీ తినేస్తుంది, తుప్పు పట్టిన ఇనప రజను నింపిన గొట్టం గుండా గ్యాస్‌ని పంపితే చాలావరకు పోతుంది. ఆ సూక్ష్మజీవులకి 30 నుంచి 40 డిగ్రీల వేడి ఇష్టం, 15 కంటే తగ్గితే పని దాదాపు మానేస్తాయి, కాబట్టి చలికాలంలో గ్యాస్ సగానికో అంతకన్నా తక్కువకో పడిపోతుందని ముందే అనుకోండి. మొదటిసారి నింపాక కొన్ని వారాలు ఓపిక పట్టాలి, మొదట వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, దాంట్లో గాలి కూడా కలిసి ఉంటుంది, దాన్ని బయటికి వదిలేయాలి తప్ప వెలిగించి చూడకూడదు. ఎంత అవసరమొచ్చినా ఎవరూ ఆ తొట్టిలోకి దిగకూడదు. అందులో ఊపిరి ఉండదు, మొదట దిగినవాళ్లని కాపాడబోయి రెండోవాళ్లు కూడా పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మీ అబ్బాయికి హైడ్రోజన్ మీద ఉన్న ఆసక్తి మంచిదే, దాన్ని చంపకండి, ఈ లెక్క మాత్రం అతనికి ఇవ్వండి. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల వేడి ఉంటుంది, ఏ ఇంధనంలోనూ కిలోకి అంత ఉండదు, వీడియోల్లో చెప్పేది అదే. కానీ నీళ్ల నుంచి ఆ కిలో తీయాలంటే 50 యూనిట్ల పైనే కరెంటు పోస్తారు. పొయ్యి మీద సగం గాల్లో పోగా గిన్నెకి చేరేది 16, 17. అదే 50 యూనిట్ల కరెంటుని నేరుగా ఇండక్షన్ పొయ్యికి ఇస్తే 40 దాకా గిన్నెలోకి వెళ్తుంది. ఒకే కరెంటు, రెండున్నర రెట్లు తేడా. ఇక మామూలు గ్యాస్‌లో హైడ్రోజన్ కలిపి పంపే ప్రయోగాలు జరిగాయి, బ్రిటన్‌లో కీల్ విశ్వవిద్యాలయం ఆవరణలో 2019 నుంచి 20 శాతం దాకా కలిపి చూశారు, పొయ్యిలు మార్చనక్కర్లేకుండానే పనిచేశాయి. కాకపోతే పరిమాణంలో 20 శాతం అంటే వేడిలో 7 శాతమే, ఎందుకంటే ఇందాక చూశాం కదా, అది క్యూబిక్ మీటర్‌కి 3 యూనిట్లే. పూర్తిగా హైడ్రోజన్ అయితే బర్నర్లు వేరే కావాలి, దాని మంట వెలుతురులో కంటికి కనపడదు, 4 నుంచి 75 శాతం దాకా గాలిలో ఎంత కలిసినా అంటుకుంటుంది. పెద్ద ఫ్యాక్టరీలకి, ఎరువులకి, ఉక్కుకి అది ఉపయోగం. మీ వంటింటికి దాని కోసం ఎదురుచూడటం దండగ. ఒకవేళ ఎప్పుడో మీ అబ్బాయి చెప్పిన కాలం వచ్చినా, అప్పటికి మీ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి చేరే అవకాశమే ఎక్కువని నా నమ్మకం.

గీజర్. దయచేసి ఇది నెమ్మదిగా చదవండి. బాత్రూమ్ లోపల గోడకి గ్యాస్ గీజర్ పెట్టించి, చలిగాలి రాకుండా వెంటిలేటర్ మూసేద్దామనుకుంటున్నాం అని రాశారు. వద్దు. ఈ గ్యాస్‌లన్నిటికీ గుర్తుపెట్టుకోదగ్గ ఒక లెక్క ఉంది, ఏ గ్యాస్ అయినా ఒక యూనిట్ వేడి ఇవ్వడానికి ఇంచుమించు ఒక క్యూబిక్ మీటర్ గాలి తీసుకుంటుంది. పొయ్యి మీద ఒక బర్నర్ 2, 3 కిలోవాట్లు, కాబట్టి వంటింట్లో అది గంటకి రెండు మూడు క్యూబిక్ మీటర్ల గాలి వాడుకుంటుంది, కిటికీ తెరిచి ఉంటే సమస్య లేదు. అప్పటికప్పుడు నీళ్లు కాచే పెద్ద గీజర్ అయితే దాదాపు 20 కిలోవాట్లది. పది నిమిషాలు నడిస్తే 3.3 యూనిట్లు, 3.3 క్యూబిక్ మీటర్ల గాలి. చిన్న బాత్రూమ్ మొత్తంలో ఉండే గాలే 7, 8 క్యూబిక్ మీటర్లు. అంటే ఒక్క స్నానానికి గదిలోని గాలిలో దాదాపు సగం మంటలోకి పోయి, ఆక్సిజన్ తగ్గి తిరిగొస్తుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్ల పైన గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, కాళ్లలో బలం పోవడం, ఆ తర్వాత గడియ తీసుకునే ఓపిక కూడా ఉండదు. మా దగ్గరి బంధువుల అమ్మాయి ఒకతె ఇలాగే పడిపోయింది, తలుపు చప్పుడు వినిపించి పగలగొట్టారు కాబట్టి బతికింది. ఆ గీజర్ అమ్మినవాళ్లు వెంటిలేటర్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

గ్యాస్ గీజర్ కావాలంటే బాత్రూమ్ బయట, గాలి ఆడే చోట పెట్టించి వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తీసుకెళ్లండి, లేదంటే గాలి బయటినుంచే తీసుకుని పొగ బయటికే వదిలే గొట్టం ఉన్న రకం తీసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా దొరుకుతుంది, గ్యాస్ లీకు అలారం దీన్ని పట్టదు, రెండూ వేరు. బయోగ్యాస్‌తో ఇంత పెద్ద గీజర్ నడపాలంటే గంటకి మూడు క్యూబిక్ మీటర్ల పైన కావాలి, మీ ప్లాంటు రోజంతా ఇచ్చేదానికి అది రెట్టింపు, కాబట్టి ఆ ఆలోచన వదిలేయండి.

జనరేటర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక క్యూబిక్ మీటర్ బయోగ్యాస్‌ని ఇంజన్‌లో కాలిస్తే 6 యూనిట్లలో ఒకటిన్నర, రెండు మాత్రమే కరెంటు అవుతుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. కరెంటు పోయినప్పుడు నాలుగు లైట్లకి సరే. వంటకి మాత్రం గ్యాస్‌ని నేరుగా మండించుకోవడమే మేలు.

పొగ, వాతావరణం సంగతి కూడా అడిగారు. కట్టెల పొయ్యితో పోలిస్తే ఈ గ్యాస్‌లన్నీ ఎంతో శుభ్రం. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అయినా గ్యాస్ మంట కూడా నైట్రోజన్ డయాక్సైడ్ వదులుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి అది పడదు, నీలం మంట కదా అని కిటికీ మూసి వండకండి. ఒక యూనిట్ వేడికి ఎల్పీజీ సుమారు 227 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదిలితే సహజవాయువు 202 గ్రాములు వదులుతుంది, తేడా పెద్దదేం కాదు. కాకపోతే కాలని మీథేన్ లీకైతే ఆ లాభం ఆవిరైపోతుంది, ఇరవై ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. 2022లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కాలిఫోర్నియాలో 53 ఇళ్లలో కొలిచి చూస్తే, పొయ్యిల నుంచి వచ్చే మీథేన్‌లో నాలుగింట మూడు వంతుల పైన పొయ్యి ఆర్పేసి ఉన్నప్పుడే వస్తోందని తేలింది, అంటే వదులైన జాయింట్ల నుంచి. రాత్రి పడుకునే ముందు వాల్వ్ కట్టేయడం డబ్బుకీ, ప్రాణానికీ, గాలికీ అన్నిటికీ మంచిదే.

కనెక్షన్ ఇచ్చే రోజు ఇంట్లో మీరే ఉండండి, ఇంకెవరికో అప్పగించకండి. వచ్చిన మనిషి అన్ని బర్నర్లకీ జెట్లు మార్చాడో లేదో చూడండి, పాత జెట్లు మీ చేతికి ఇమ్మనండి, రబ్బరు గొట్టం కొత్తది వేయించి దాని మీద గడువు తేదీ చదవండి, ప్రతి జాయింట్ దగ్గరా సబ్బు నురగ వేయించండి. మంట నీలంగా, బర్నర్‌కి అంటిపెట్టుకుని ఉండాలి. పసుపు కొసలు కనిపిస్తే గాలి చాలట్లేదని అర్థం, బర్నర్ నుంచి పైకి లేచి బుసకొడుతుంటే గాలి ఎక్కువైందని, అతను వెళ్లకముందే సరిచేయించండి. దానికంటే ముందు, ఈ వారంలోనే, ఇప్పుడున్న పొయ్యి మీద మీ అత్తగారి చేతే రెండు లీటర్ల నీళ్లు పెట్టించి మరగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోండి. జెట్లు మార్చాక అదే గిన్నెలో, అదే బర్నర్ మీద, అన్నే నీళ్లు మళ్లీ ఆవిడ చేతే పెట్టించండి. రెండు అంకెలూ నాకు రాయండి, తేడా రెండు నిమిషాలు దాటితే జెట్ సైజు తప్పు వేశారన్నమాట, వాళ్లని మళ్లీ పిలిపించాల్సిందే.